సిమ్‌లో పెట్టిన సంజీవని

చలి మొదలైతే ఛత్తీస్‌గఢ్‌లోని మా మందిర్ హసౌద్‌లో రెండు క్యూలు కనిపిస్తాయి. ఒకటి చమురు డిపోల దగ్గర ట్యాంకర్లది, రెండోది ఆదివారం పొద్దున్న కోడికొట్టు దగ్గర పెద్దమనుషులది. ట్యాంకర్లు నింపుకున్నదే తడవుగా హైవే ఎక్కి పోతాయి. పెద్దమనుషులు అంత తేలిగ్గా కదలరు. దేసీ ముర్గాయేనా? ఎన్ని నెలలది? ఏం మేసింది? ఎవరి పెరట్లో తిరిగింది? కూతురికి సంబంధం చూసినప్పుడు కూడా పెళ్ళికొడుకు గురించి ఇన్ని ఆరాలు తియ్యలేదు వీళ్ళు.

ఈ విచారణంతా కూరకి కాదు. కూరకైతే బాయిలర్ కోడి చాలు. ఇది సూపుకి. సూపంటే మిరియాల చారులా కాచి దించేసేది అనుకునేరు. ఇరవై నాలుగు గంటలు పొయ్యి మీద సిమ్‌లో ఉండాలి. పన్నెండు గంటలకు దించినవాడు నాస్తికుడు. ఎనిమిదికే దించినవాడి మొహం చూడకూడదు. అలా నిష్ఠగా మరగబెట్టి, వడగట్టి, ఫ్రిజ్‌లో పెడితే గిన్నె వంచినా కదలనంత గట్టిగా పేరుకోవాలి. పేరుకుందా, వ్రతం ఫలించినట్టే. ఇక చూసుకోండి: మోకాళ్ళలో అరిగిపోయిన గుజ్జు మళ్ళీ ఊరుతుంది, ఊడిన జుట్టు మొలుస్తుంది, మొహం మీది ముడతలు సాఫవుతాయి, పేగులకు లోపలినుంచి పూత పడుతుంది, జలుబు గుమ్మం దాకా వచ్చి వాసన పసిగట్టి వెనక్కి తిరుగుతుంది.

న్యూయార్క్‌లో 2014లో ఒక వంటాయన తన హోటలు కిటికీలోంచి కాఫీ కప్పుల్లో ఎముకల రసం పోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ గాలి ఫోన్లలో రీలుగా మారి, పదేళ్ళు తిరక్కుండా మా దాకా వీచింది. మేమిక్కడికి ఎలా వచ్చామంటారా, 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలుపట్టాలు పూర్తయిన దగ్గర్నుంచి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మనుషులు ఈ దారిన వస్తూనే ఉన్నారు. మందిర్ హసౌద్ స్టేషను ఆ లైను మీదదే. రైల్వే పనికి వచ్చినవాళ్ళు, తర్వాత భిలాయి ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళు, ఇప్పుడు నవా రాయపూర్ ఆఫీసులకు వచ్చినవాళ్ళు. చింతపండు తెచ్చుకున్నారు, గోంగూర పచ్చడి తెచ్చుకున్నారు, నాటుకోడి పులుసు తెచ్చుకున్నారు. ఇరవై నాలుగ్గంటల సూపు మాత్రం ఎవరి సామాన్లలోనూ లేదు. ఇప్పుడేమో అది "మన అమ్మమ్మల నాటి వైద్యం" అయి కూర్చుంది.

గుజ్జు సంగతి ముందు తేలుద్దాం. కీళ్ళ దగ్గర, చర్మంలో, ఎముకల్లో ఉండేది కొలాజెన్. వేడినీళ్ళలో అది విడివడి జెలటిన్ అవుతుంది. ఫ్రిజ్‌లో పేరుకునేది అదే, పిల్లలు నమిలే జెల్లీ మిఠాయిల్లో సాగేదీ చాలావరకు అదే. అది ఒక మాంసకృత్తి. కడుపులోకి వెళ్ళాక పప్పుకీ గుడ్డుకీ పట్టిన గతే దానికీ పడుతుంది. జీర్ణరసాలు దాన్ని తునకలు తునకలు చేస్తాయి, ఆ తునకలు రక్తంలో కలుస్తాయి, ఒళ్ళు వాటిని ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకుంటుంది. "ఇది కోడి కాలి గుజ్జు, ఫలానావారి కుడి మోకాలికి చేర్చవలెను" అని దాని మీద అడ్రసు ఉండదు. పైగా ఒంటికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ జెలటిన్‌లో లేదు గనక, మాంసకృత్తుల లెక్కలో అది కోడిగుడ్డు పక్కన నిలబడలేదు. పోనీ ఎముకల్లోని కాల్షియమైనా దిగుతుందా అంటే, వెనిగర్ పోసి మరగబెట్టినా దిగేది ఒక గ్లాసు పాల దరిదాపుల్లోకి రాదు. తిన్నదాన్ని బట్టి ఒంట్లో అదే భాగం బాగుపడేట్టయితే, తోటకూర తినేవాళ్ళకి ఈపాటికి ఆకులు మొలవాలి.

ఇంకో తమాషా ఉంది. కోడిలో జెలటిన్ బాగా దిగేది కాళ్ళలోంచి, మెడలోంచి, చర్మంలోంచి. ఇంత నిష్ఠాపరుడూ కొట్టు దగ్గర ఏమంటాడు? "పంజే హటా దో భయ్యా, చర్మం మొత్తం తీసెయ్." కాళ్ళు బకెట్లో పడతాయి, చర్మం పక్కన కుప్ప పడుతుంది. ఆయన మిగిలిన కోడిని ఇంటికి తీసుకుపోయి ఒక రోజంతా మరగబెడతాడు. తీరా అది ఫ్రిజ్‌లో పేరుకోకపోతే, ఆన్‌లైన్లో కొలాజెన్ పొడి డబ్బా తెప్పించి అందులో రెండు చెంచాలు కలుపుతాడు. దాన్నే "హోమ్‌మేడ్" అంటాడు.

ఎముకల్లోంచి అమృతం పిండాలన్న ఆశ ఇవాళ్టిది కాదులెండి. 1679లో డెనీ పాపన్ అనే ఫ్రెంచాయన లండన్ రాయల్ సొసైటీ పెద్దలకు ఒక యంత్రం చూపించాడు. మూత బిగించిన పాత్ర, ఆ తర్వాత దానికి ఆవిరి మితిమీరితే వదిలెయ్యడానికి ఒక వాల్వు. గట్టి ఎముకల్ని మెత్తబరచి సారం తియ్యడానికే ఆ హంగామా. మన వంటిళ్ళలో ఈల వేసే కుక్కరుకు ముత్తాత అదే. మూడువందల నలభై ఏళ్ళ కిందటే ఆయన ఎముకకు ఒక రాత్రీ ఒక పగలూ అక్కర్లేదని తేల్చి చూపిస్తే, మన వ్రతకథలో కుక్కరు నిషిద్ధం. కుక్కర్లో పెడితే సూపు "శక్తి" చచ్చిపోతుందట. ఎముకల కోసమే పుట్టిన పాత్ర ఎముకలకే పనికిరాకుండా పోయింది!

ఆ తర్వాత పారిస్ వంతు. పంతొమ్మిదో శతాబ్దంలో దార్సే అనే రసాయన శాస్త్రవేత్త ఎముకల నుంచి జెలటిన్ తీసి, దాన్ని సూపుల్లో కలిపి ఆసుపత్రుల్లో రోగులకూ, పేదలకూ పోయించాడు. మాంసం ఖర్చు లేకుండా మాంసం బలం వస్తుందని వాదం. కొన్నాళ్ళకు అనుమానాలు లేచాయి. సైన్స్ అకాడెమీ ఒక సంఘాన్ని వేసింది. మజాండీ అనే శరీరశాస్త్రవేత్త ముందుండి కుక్కల మీద పరీక్షలు చేయించాడు. 1841లో తేలిందేమిటంటే, జెలటిన్ ఒక్కటే పెడితే కుక్క కూడా బతకదు. అలా పేదవాడి కడుపుకు చాలదని అప్పట్లో తోసేసిన సరుకే, ఇప్పుడు పొడిగా మారి, వెండి రంగు డబ్బాలోకెక్కి, కడుపు నిండినవాడి ఇంటికి కొరియర్లో వస్తోంది. మధ్యలో జర్మన్ పండితుడు లీబిగ్ పేరు మీద 1865లో మాంససారం కంపెనీ ఒకటి వెలిసింది. బలం లేదని జనం పట్టేశాక, పోనీ రుచి ఉంది కదా అని అమ్ముకున్నారు. అది కొంత నిజాయితీ.

అమ్మమ్మల పేరు ఎత్తారు గనక వాళ్ళ వంటింట్లోకీ ఒకసారి తొంగిచూద్దాం. మన పల్లెల్లో కోడిని సూపు కోసం కొయ్యలేదు. గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్టని కోశారు. పెట్టే దశలో ఉన్నదాన్ని కోసేంత డబ్బున్న ఇళ్ళు ఎన్ని? ఆ ముసలి పెట్ట మాంసం తాడులా సాగుతుంది, వేపుడుకి లొంగదు. అందుకని మట్టిదాకలో వేసి, నీళ్ళు పోసి, ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి నూరి వేసి, పొలం నుంచి మగవాళ్ళు వచ్చేదాకా కట్టెల పొయ్యి మీద వదిలేశారు. ఎక్కువసేపు ఉడికించింది పళ్ళకి లొంగడం కోసం, మోకాళ్ళ కోసం కాదు. నీళ్ళు ఎక్కువ పోసింది ఒక్క కోడి పదిమందికి రావడం కోసం. చుట్టాలొస్తే ఇంకో చెంబు. ఆ లెక్కనే ఆ పులుసు గిన్నె ఊళ్ళు దాటింది. నూరేళ్ళ క్రితం ముసలి కోడితో నెట్టుకొచ్చిన పొదుపును, ఇవాళ ఆరు వారాల బాయిలర్‌కో, వేలం పాట పాడి తెచ్చిన నాటుకోడికో అతికించి, ఆచారం అంటున్నాం. ఇక్కడివాళ్ళ బోరే బాసీ కూడా లేమిలో పుట్టిందే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న ఉల్లిపాయతో తినడం, మన చద్దన్నం లాంటిదే. 2022 మే 1న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిస్తే రాష్ట్రమంతా తిని ఫొటోలు దిగారు. అయితే దానికి కాపలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పైసా గ్యాసు కాలలేదు.

గ్యాసంటే గుర్తొచ్చింది. చిన్న బర్నరు సిమ్‌లో పెట్టినా ఒక పగలూ రాత్రీ వెలిగితే ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా గ్యాసు మింగుతుంది. 14.2 కిలోల సిలిండరు నెల వచ్చే ఇంట్లో అది దాదాపు రెండు రోజుల వంట. అంటే రెండు రోజుల అన్నం, పప్పు, కూర, టీ, పాలు అన్నీ కలిపి ఒక లీటరు చారుకి సమర్పయామి. అందులో తాగేది ఎవరు? ఒక కప్పు, పెద్దమనిషి. మిగతాది డీప్‌ఫ్రీజర్లో డబ్బాల్లోకి వెళ్తుంది, తరువాత ఎప్పుడో పారబోతకి వస్తుంది.

అసలు పద్ధతికి ఏ మంత్రమూ లేదు. ముక్కల్ని చల్లనీళ్ళలో వేసి నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. మొదటి పొంగులో బూడిద రంగు నురగ తేలుతుంది. అది "విషం" అని రీలు చెబుతుంది. కాదు, గడ్డకట్టిన మాంసకృత్తి. గరిటెతో తీసేస్తే సూపు తేటగా ఉంటుంది, తియ్యకపోతే మసగ్గా ఉంటుంది, అంతే. ఆపైన నీళ్ళు తెర్లకుండా, అంచుల వెంట సన్నని బుడగలు మాత్రం లేస్తూ ఉంటే చాలు. బాయిలర్ కోడికి ముప్పావుగంట, నాటుకోడికి గంటన్నర, మొండి పుంజుకి ఇంకో గంట. ఆ తర్వాత గిన్నెలో జరిగేది నష్టమే. వాసన ఇచ్చేవి ఎగిరిపోయేవి. రోజంతా ఇల్లు ఘుమఘుమలాడిందని మురిసిపోతారు. ఇల్లు ఘుమఘుమలాడిందంటే గిన్నెలోది బయటికి పోయిందనే కదా!

సైన్సు ఒప్పుకుందని ఇంకో బెదిరింపు. ఒప్పుకున్నంతా ఇది. 1978లో అమెరికాలో 15 మంది ఆరోగ్యవంతులకు చల్లనీళ్ళు, వేడినీళ్ళు, వేడి కోడి సూపు ఇచ్చి ముక్కులో చీమిడి ఎంత వేగంగా కదులుతుందో కొలిచారు. సూపుకి వేగం పెరిగింది. అరగంటకల్లా మళ్ళీ మామూలైపోయింది. అరగంట సుఖానికి ఇరవై నాలుగు గంటల తపస్సు! 2000లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ రెన్నార్డ్ అనే డాక్టరు, భార్య అమ్మమ్మ చేసే సూపు తీసుకుని, గాజు గిన్నెల్లో తెల్లరక్తకణాల మీద పరీక్షించి, వాపు తగ్గించే లక్షణం కొంత ఉందేమోనన్నాడు. మనిషికి తాగించి చూసిన పరీక్ష కాదది. మన పెద్దమనుషులు ఎన్నడూ చెప్పని ముక్క ఒకటుంది: అదే పరీక్షలో కొట్లో దొరికే రకరకాల సూపులూ పెట్టారు, వాటిలో కొన్ని అమ్మమ్మ సూపుకి తీసిపోలేదు. పొయ్యి పవిత్రత అక్కడే ఆవిరైపోయింది. పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు వైద్యుడు ఉబ్బసానికి కోడిరసం రాసిచ్చాడని కూడా అంటారు, నిజమే. ఆయనకి ఇన్‌హేలర్ తెలీదు. మనకి తెలుసు.

ఇక కడక్‌నాథ్ భక్తులు. ఆ నల్లకోడి మా మీద మరీ ప్రభావం చూపింది, ఎందుకంటే అది మాదంటే మాదని 2018లో మధ్యప్రదేశ్ ఝాబువా, ఛత్తీస్‌గఢ్ దంతెవాడ పోటీపడ్డాయి. భౌగోళిక గుర్తింపు ఝాబువాకి దక్కింది. కోడి నల్లగా ఉండటానికి కారణం మెలనిన్, మన చర్మానికి రంగునిచ్చేదే. మనిషి నల్లగా ఉంటే సంబంధం తప్పించుకునే ఊళ్ళలో, కోడి నల్లగా ఉంటే ధర మూడింతలు. నలుపు ఆరోగ్యమని ఒప్పుకోవడానికి మనవాళ్ళకి కోడి చచ్చిపోవాలి.

సూపు తాగొద్దని కాదు. చలి రాత్రి వేడి వేడిగా, మిరియం ఘాటు ముక్కులోకెక్కేట్టు తాగితే హాయిగా ఉంటుంది. ఒంట్లో బాగాలేనివాడికి నీళ్ళూ ఉప్పూ కడుపులోకి వెళ్ళడమే పెద్ద మేలు. అంతవరకు అది చారు, మంచి చారు. దానికి కిరీటం పెట్టి, మోకాళ్ళకు సింహాసనం వెయ్యడంతోనే పేచీ.

మా వీధిలో ఒక అన్నయ్యగారు మొన్న నన్ను ఆపి మరీ చెప్పారు.

"చెల్లెమ్మా, ఇరవై నాలుగ్గంటల సూపు పెట్టాను. రుచి చూద్దురుగాని రండి."

"మీరే పెట్టారా అన్నయ్యగారూ?"

"నేనే. మీ వదిన చూసుకుంటోంది."

"రాత్రి?"

"రాత్రీ తనే. సిమ్‌లో ఉన్నా పొయ్యి వదిలేసి పడుకోకూడదమ్మా, ప్రమాదం."

"నీళ్ళు ఇగిరిపోతేనో?"

"గంటగంటకీ లేచి కలుపుతుంది."

"తాగాక మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నావి భేషుగ్గా ఉన్నాయి. పాపం మీ వదినకే, రాత్రంతా నిలబడి నిలబడి, పొద్దున్నుంచీ కాళ్ళు లాగేస్తున్నాయిట."

"ఆవిడక్కూడా ఒక కప్పు పొయ్యలేకపోయారా?"

"తనదేముందమ్మా," అన్నారాయన, "మిగిలితే తాగుతుంది."