కైజర్ మాట

స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మిత్రుడు, వాళ్ల నాన్నగారికి కోట చూపిద్దామన్నాడు. పెద్దాయన తెనాలి నుంచి వచ్చి నెలైంది. అక్కడ వాళ్ల మండువా ఇల్లు వానకు కారుతోంది. పెంకులు మార్పించే పని కొడుకే మాట్లాడాడు. ఆ దుమ్ములో ఉండలేరంటూ తండ్రిని మూడు నెలలకని తీసుకొచ్చాడు.

కారు నాది. ద్రాక్షతోటలు దాటి, అడవిలో మలుపులు తిరుగుతూ కొండెక్కాం. ఓ-కోనిగ్స్‌బర్గ్ కోట. ఎర్రరాతి గోడలు, ఏటవాలు పెంకుల కప్పులు.

పెద్దాయన ముందు కప్పుకేసి చూశారు.

"1633లో స్వీడన్ సైన్యం 52 రోజులు ముట్టడించి తగలబెట్టింది నాన్నా," అన్నాడు మిత్రుడు. "రెండున్నర శతాబ్దాలు మొండిగోడలే. అప్పటికి ఈ ప్రాంతం జర్మనీ చేతిలో ఉంది. బాగుచేయించే స్తోమత లేక 1899లో కింద ఊరివాళ్లు చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్‌కి కానుకగా ఇచ్చేశారు. ఆయన బోడో ఎబ్‌హార్ట్ అనే ఆర్కిటెక్ట్‌ని పెట్టి, 1908కల్లా ఇలా నిలబెట్టాడు."

"మన మేస్త్రీ అయితే కూల్చి కొత్తది కట్టుకోమనేవాడు," అన్నారు పెద్దాయన.

"పాతదాని విలువ వాళ్లకేం తెలుసు నాన్నా!"

పెద్దాయన తలూపారు.

కైజర్ గదిలోకి వెళ్లాం. కప్పు నిండా గద్ద బొమ్మ. అందరూ తలెత్తి దాన్నే చూస్తున్నారు. పెద్దాయన మాత్రం ఫైర్‌ప్లేస్ దగ్గర ఆగిపోయారు. అక్కడ ఇనుము మీద జర్మన్ అక్షరాలున్నాయి.

"ఏం రాశార్రా?"

మిత్రుడు వంగి చదివాడు. "ఇది నేను కోరలేదు."

"ఎవరి మాట?"

"కైజర్‌దే. 1918లో పెట్టించాడంటారు. యుద్ధం మొదలై అప్పటికి నాలుగేళ్లు. లక్షల మంది పోయారు."

"మొదలెట్టినవాళ్లలో ఈయన లేడా?"

"ఉన్నాడు. ఆ ఏడాదే ఓడిపోయి, గద్దె దిగి హాలండ్ వెళ్లిపోయాడు. మరుసటేడు కోట ఫ్రాన్సు చేతికొచ్చింది."

"మళ్లీ చదువు."

చదివాడు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, ఆ అక్షరాలను ఇంకాసేపు చూశారు.

కిందికొచ్చి కారెక్కబోతుంటే పెద్దాయన ఫోన్ మోగింది. ఎదురింటాయన వాట్సాప్‌లో ఫొటో పంపాడు. పెద్దాయన చూసి, ఏమీ అనకుండా ఫోన్ నాకిచ్చారు.

చదును చేసిన నేల. మధ్యలో తులసికోట. ఓ పక్కన పడేసిన టేకు దూలాలు, వాటి వెనక జేసీబీ. ముందు ఓ ఫ్లెక్సీ. దాని మీద ఐదంతస్తుల బిల్డింగ్ బొమ్మ, కింద స్థల యజమానిగా మిత్రుడి పేరు.

ఫోన్ మిత్రుడికిచ్చాను. వాడు చాలాసేపు చూశాడు. మెడ దగ్గర చొక్కా సర్దుకున్నాడు.

"కూల్చమని నేననలేదు నాన్నా. బిల్డరే తొందరపడి..."

పెద్దాయన కారులో కూర్చుని తలుపు వేసుకున్నారు. అద్దం కాస్త దించారు.

"ఆ ముక్కే ఇందాక జర్మన్‌లో చదివావు. ఏమంటార్రా దాన్ని?"