అయ్యా అడ్మినిస్ట్రేటర్ గారూ, తమరెక్కడ?

మహారాజశ్రీ నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ గారి దివ్యసముఖానికి,

విజయవాడ నుంచి ఒక గృహస్థు నమస్కరించి రాయునది. తమ చిరునామా తెలియక ఇలా నలుగురిలో రాస్తున్నాను, మన్నించాలి. మొన్న ఆదివారం మా ల్యాప్‌టాప్ తెర మీద, ఈ ఫోల్డరు వాడుకునే అనుమతి నాకు లేకపోవచ్చనీ, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమనీ పడింది. సంప్రదిద్దామని ఇల్లంతా చూశాను. వంటింట్లో మా ఆవిడ, హాల్లో నాన్న, నేను బాబాయ్ అని పిలిచే ఆయన స్నేహితుడు. మేడ మీద గదిలో కంప్యూటరు, దానికి తగిలించిన 2 టెరాబైట్ల డిస్కు. తమరు మాత్రం కనబడలేదు. డిస్కు నాది. కంప్యూటరు నాది. నెట్ బిల్లు కట్టేది నేను. ఇంకెవరండీ అడ్మినిస్ట్రేటరు, ట్యాంకు మీద వాలే కాకా?

సంగతేమిటంటే, 1994లో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో రాయబారం వేశారు. నాన్న కృష్ణుడు, బాబాయ్ దుర్యోధనుడు. ఆ నాటకం వీడియో క్యాసెట్టును నానా తంటాలు పడి ఫైలు చేయించి డిస్కులో దాచాను. అది చూడ్డానికే బాబాయ్ రేపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. సాయంత్రం అయిదున్నరకి తిరుగు బస్సు. కృష్ణుడు అడిగింది అయిదూళ్లు, నేనడిగింది ఒక్క ఫోల్డరు. ఆనాడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న దుర్యోధనుడు మా సోఫాలో మిక్చరు తింటూ నా వంక జాలిగా చూస్తున్నారు.

మా టీవీ పెట్టె 2014 నాటిది. ఇంట్లో ఫైళ్లు పంచుకోడానికి దానికి ఎస్‌ఎంబీ 1 తప్ప మరో భాష రాదు. పాత కంప్యూటరు బతికున్నన్నాళ్లూ రెండూ ఆ భాషలోనే మాట్లాడుకున్నాయి. అది కిందటి నెల పోయింది. కొత్తదానికి ఆ భాష నిషిద్ధం. ఎందుకో నాకూ తెలుసు. 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్ ఆ సందులోంచే దూరింది, మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లకే తప్పలేదు. సందు మూశారు, దణ్ణం. తాళం వేసేముందు లోపల ఎవరన్నా ఉన్నారా అని ఒక్క కేక వెయ్యకూడదా?

సరే, ల్యాప్‌టాప్ తీశాను. జీరో ఎక్స్ 80070035, దారి దొరకలేదంది. పైకెళ్లి చూస్తే కొత్త కంప్యూటరు మా ఇంటి వైఫైని పబ్లిక్ అని రాసుకుంది. మా ఇల్లేమన్నా బస్టాండా? ప్రైవేట్ చేసి కిందికొచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది. రోజూ నాలుగంకెల పిన్నుతో తెరుచుకునేది, కింది అంతస్తు నుంచి పిలిస్తే పిన్ను చెల్లదట, అసలు పాస్‌వర్డే కావాలట. అది పెట్టుకున్ననాడు నాకు జుట్టుండేది. ఓటీపీలు తెప్పించుకుని అదీ కొట్టాను. అప్పుడు పడింది తమ పేరు.

మళ్లీ పైకి. షేరింగులో ఎవ్రీవన్ అని చేర్చి అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టాను. ఆ ఎవ్రీవన్‌లో మేం లేం. షేరింగు ఒప్పుకుంటే చాలదు, డిస్కు మీద ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి కూడా ఉండాలి, రెంటిలో ఏది బిగువైతే అదే చెల్లుతుంది. తెరిచి చూస్తే యజమాని పేరు ఉండాల్సిన చోట ఎస్-1-5-21 అని మొదలయ్యే మూరెడు అంకె. పోయిన కంప్యూటర్లో నా ఖాతా అది! కేకేసి నాన్నకి చెప్పాను. ఆయన రెవెన్యూలో చేసి రిటైరయ్యారు. "మ్యుటేషన్ కాలేదురా," అన్నారు కింద నుంచే. "పోయినవాడి పేరు మీదే ఉంది పట్టా. మా రోజుల్లో కనీసం ఎవరి బల్ల ముందు నిలబడాలో తెలిసేది."

పట్టా నా పేరుకి మార్చమని నొక్కాను. ఆకుపచ్చ గీత కదిలింది. పిల్లల చిన్నప్పటి ఫోటోలన్నీ ఒక్కొక్కటే పలకరించుకుంటూ నడుస్తోంది. టైము అయిదు దాటింది. (పనిలో పనిగా, పక్కనే ఉన్న ప్రింటరు ఆఫ్‌లైన్ అంటోంది. దాని లైటు వెలుగుతూనే ఉంది. అది కూడా తమ శాఖేనా?)

బాబాయ్ లేచారు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ, వీడియో లేకపోతేనేం అని తన పద్యం ఎత్తుకున్నారు. గొంతులో జీవం ఇంకా ఉంది. మొదటి పాదం అయ్యాక ఆగిపోయారు. రెండోది అందలేదు. నాన్న వంక చూశారు. నాన్నకీ అందలేదు. "దానికోసమేరా వచ్చింది," అని నవ్వి ఆటో ఎక్కారు.

"ఆ డిస్కేదో పీకి తెచ్చి ఇక్కడే గుచ్చొచ్చుగా," అంది మా ఆవిడ, ఆటో సందు తిరిగాక. ఆ రాత్రి పీకి తెచ్చి గుచ్చాను కూడా. పట్టా ఎవరిదని ల్యాప్‌టాప్ కూడా అడిగింది.

బాబు గారూ, బాబాయ్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. కార్తీకంలో మళ్లీ వస్తానన్నారు. ప్రింటరు సంగతి వదిలెయ్యండి. టీవీ పెట్టె మారుస్తాను, పాస్‌వర్డ్ గోడ మీద రాసుకుంటాను, ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఆ ఒక్క ఫోల్డరు హాల్లో తెరుచుకునేట్టు చూడండి. చాలు.

ఇట్లు,
ఆ కంప్యూటర్లో తన పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని రాసి ఉన్నవాడు