ఓడినవాడి ఓటు

తెలుగు రాష్ట్రాల్లో ఈవీఎం పోలింగ్ రోజున చెడిపోదు. ఒకటీ అరా మొరాయించినా ఇంకోటి తెచ్చిపెడతారు, క్యూ కదులుతుంది. అసలు చెడిపోవడం లెక్కింపు రోజు పొద్దున పదింటికి మొదలవుతుంది. భోజనాల వేళకల్లా ఓడిన పార్టీ ఆఫీసులో యంత్రం పూర్తిగా పాడైపోతుంది. వీధి చివర గెలిచిన పార్టీ ఆఫీసులో మాత్రం అదే యంత్రం భేషుగ్గా పనిచేస్తూ ఉంటుంది.

2009లో ఓడాక చంద్రబాబుకు ఈవీఎం మీద అనుమానం, 2019లో మళ్లీ అనుమానం. మధ్యలో 2014లోనూ, ఆ తర్వాత 2024లోనూ దానికి జబ్బు నయమైంది. 151 సీట్లిచ్చిన మిషన్ మీద జగన్‌కు ఏ ఫిర్యాదూ లేదు. అది 11తో సరిపెట్టాక, పెద్ద పెద్ద ప్రజాస్వామ్యాల్లో కాగితం మీదే ఓటేస్తున్నారన్న సంగతి తెలిసొచ్చింది. బీజేపీ ఏమైనా తక్కువ తిందా? 2009 ఓటమి తర్వాత జీవీఎల్ నరసింహారావు ఈవీఎంలను నమ్మొచ్చా అంటూ ఏకంగా పుస్తకమే రాశారు, అద్వానీ ముందుమాట రాశారు. ఆ పుస్తకానికి రెండో ముద్రణ వేద్దామన్న తొందర ఇప్పుడు ఆ పార్టీలో ఎవరికీ ఉన్నట్టు లేదు. కాంగ్రెస్‌కు 2023లో తెలంగాణ ఇచ్చిన యంత్రం మంచిది, 2024లో హర్యానా ఇవ్వనిది మాత్రం బ్యాటరీ 99 శాతం చూపించిన దొంగది. తెలంగాణ చేజారిన బీఆర్ఎస్ తరఫున కేటీఆర్ కూడా 2025లో ఢిల్లీ వెళ్లి, బ్యాలెట్ పేపరే మళ్లీ తెమ్మని ఎన్నికల సంఘాన్ని అడిగొచ్చారు.

2024 నవంబరులో కేఏ పాల్ ఇదే కోరికతో సుప్రీంకోర్టు మెట్లెక్కితే, బాబు ఓడినప్పుడు బాబు, జగన్ ఓడినప్పుడు జగన్ ఈ మాటే అన్నారు కదా అని ధర్మాసనం పిటిషన్ కొట్టేసింది. ఇంత దేశంలో ఉదాహరణకు ఇద్దరూ మనవాళ్లే దొరికారు, అడగడానికి వెళ్లిందీ మనవాడే.

ఈ సంప్రదాయానికి మూలపురుషులు మాత్రం కేరళవాళ్లు. 1982లో పరవూరు అసెంబ్లీ నియోజకవర్గంలో 50 బూత్‌లలో తొలిసారి ఈ మిషన్ పెట్టారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై వద్దు మొర్రో అని ముందే హైకోర్టుకు వెళ్లాడు. కోర్టు వినలేదు, ఆయన 123 ఓట్లతో గెలిచాడు, మిషన్ మీద కోపం పోయింది. ఆ కోపం ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఏసీ జోస్‌కు బదిలీ అయింది. చట్టంలో బటన్ ఊసే లేదని ఆయన సుప్రీంకోర్టులో వాదించి నెగ్గి, 1984లో ఆ బూత్‌లలో కాగితం మీద మళ్లీ పోలింగ్ పెట్టించి, ఈసారి తానే గెలిచాడు. ఇంకేం కావాలి?

సరే, కాగితమే మేలనుకుందాం. ఆ మాటకొస్తే స్థానిక ఎన్నికల్లో మనం కాగితాన్ని వదిలిందెక్కడ? ఆంధ్రలో 2021 పంచాయతీ, మున్సిపల్, పరిషత్ ఎన్నికలు, తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలు, అన్నీ కాగితం మీదే. దేశంలో ఈవీఎంలు తయారుచేసే సంస్థలు రెండు, బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఆ యంత్రం పుట్టిన ఊళ్లోనే 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికలకు దాన్ని పక్కనపెట్టి బ్యాలెట్ పేపరు తెచ్చారు. కారణం కరోనా. అందరూ ఒకే బటన్ నొక్కితే వైరస్ అంటుకుంటుందన్న జాగ్రత్తతో, అందరి చేతికీ ఒకే రబ్బరు ముద్ర ఇచ్చారు.

ఆ ఎన్నికల్లోనే ఓల్డ్ మలక్‌పేట డివిజన్లో సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి బదులు సీపీఎం వాళ్ల సుత్తి కొడవలి అచ్చేశారు. 1964లో విడిపోయిన ఆ రెండు పార్టీలను కలపడం ఎందరు పెద్దల వల్లా కాలేదు, ఒక్క అచ్చాఫీసు వల్ల అయింది. ఎన్నికల సంఘం ఆ ఐక్యతను ఒప్పుకోక మూడో తేదీన రీపోలింగ్ పెట్టింది.

నేరేడ్‌మెట్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఓటరు వేయాల్సింది స్వస్తిక్ ముద్ర. పోలింగ్ కేంద్రాన్ని గుర్తుపట్టడానికి సిబ్బంది దగ్గర ఇంకో ముద్ర ఉంటుంది. కొన్నిచోట్ల తొందరలో ఓటరు చేతిలో ఆ రెండోది పెట్టారు. వాళ్లు బుద్ధిగా అదే గుద్ది, మడిచి, పెట్టెలో వేసి పోయారు. తెల్లారితే లెక్కింపు అనగా, స్వస్తిక్ కాకపోయినా ఫర్వాలేదు లెక్కెయ్యండని ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇచ్చింది. పొద్దున్నే హైకోర్టు దాన్ని ఆపింది. నేరేడ్‌మెట్‌లో టీఆర్ఎస్ ఆధిక్యం 504, ముద్ర మారిన ఓట్లు 544. ఫలితం అక్కడే ఆగిపోయింది, కోర్టు సరేనన్నాకే తేలింది. అక్కడినుంచి ఈసీఐఎల్ చౌరస్తాకు ఆటోలో వెళ్లొచ్చు. పోలింగ్‌కు ముందే ఎవరైనా వెళ్లివస్తే బాగుండేది.

ఆంధ్రలో పరిషత్ ఎన్నికలకు 2021 ఏప్రిల్ 8న ఓట్లేశారు. కోర్టు కేసులు తేలి లెక్కింపు జరిగేసరికి సెప్టెంబరు 19 వచ్చింది. కొన్నిచోట్ల పెట్టెలు తెరిస్తే కాగితాలు తడిసి ముద్దయ్యాయి, కొన్నిచోట్ల చెదలు పట్టాయి. చెదలను బ్లూటూత్‌తో ఎవరో నడిపించారని ఏ పార్టీ అనలేదు. అక్కడికి సంతోషం.

ఇంత జరిగినా పల్లెలో కాగితమే ఉండాలంటాను. పంచాయతీ లెక్కింపు చూసినవాళ్లకు ఎందుకో తెలుస్తుంది. తెలంగాణలో మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ఆపి, రెండింటికి అదే బడిలో పెట్టె తెరుస్తారు. సర్పంచిది గులాబీ కాగితం, వార్డు మెంబరుది తెల్లది. పార్టీ గుర్తులుండవు కాబట్టి ఉంగరం, కత్తెర, బ్యాట్ పోటీపడుతుంటాయి. పాతికకొక కట్ట కడుతుంటారు. ఇంతలో ఒక కాగితం మీద ముద్ర సరిగ్గా ఉంగరానికీ కత్తెరకూ మధ్య గీత మీద పడి ఉంటుంది. ఏజెంట్లు బెంచీల మీంచి వంగిపోతారు. "మావైపే ఎక్కువుంది సార్, మీరే చూడండి!" అంటాడు ఉంగరం. "మడతలో సిరా అంటితే చెల్లుతుంది, ఇది మడత కాదు" అని రూలు చదువుతాడు కత్తెర. ఆఫీసరు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, చివరికి చెల్లదంటాడు. నాలుగు కేకలు, ఒక రీకౌంటింగు. మూడు ఓట్లతో ఓడిన కత్తెర ఆ మూడింటినీ కళ్లారా చూసి ఇంటికెళ్తాడు. తనకు వెయ్యనివాళ్లను వాడకట్టులో వెతుక్కుంటాడే గానీ హ్యాకర్ల కోసం ఢిల్లీ వైపు చూడడు. అసెంబ్లీ ఎన్నికల్లో వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి లోపల పడిపోతుంది. ఆ అద్దంతో ఎంతసేపని పోట్లాడతాం?

కాగితమూ యంత్రమూ రెండూ అక్కర్లేని పద్ధతి ఒకటుంది, ఏకగ్రీవం. 2021లో ఆంధ్ర ప్రభుత్వం పోటీ లేకుండా సర్దుకున్న పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా ప్రకటించింది. ఎన్నికలు పెట్టేది ఒక సంఘం, పెట్టనక్కర్లేకుండా చేస్తే బహుమానమిచ్చేది ప్రభుత్వం. కొన్ని ఊళ్లలో ప్రభుత్వం దాకా పోకుండా గుడి ముందే పాట పెట్టి, ఎక్కువ పాడినవాళ్లకు పదవి ఖాయం చేస్తారు. వేలం నేరమని ఎన్నికల సంఘం ప్రతిసారీ చెబుతుంది, ఊరు ప్రతిసారీ వింటుంది. ఆ డబ్బుతో గుడికి ప్రాకారం లేస్తుంది. పాటలో వెనకబడినవాడు కూడా ట్యాంపరింగ్ జరిగిందని అనడు, వచ్చేసారికి ఇంకో రెండెకరాలు అమ్మాలేమో అని లెక్కేసుకుంటూ వెళ్తాడు.