బోరుకొచ్చిన కారు

"బండి బోరుకొచ్చింది సార్" అని మెకానిక్ అనగానే నా గుండె గుభేలుమంది. మా తర్లుపాడు వైపు బోరు అనే మాటకున్న చరిత్ర అలాంటిది. ఎనిమిది వందల అడుగులు దించితే పైకి దుమ్మూ అప్పూ తప్ప ఇంకేమీ రాని బోర్లు మా చేలోనే రెండున్నాయి. ఇంజన్ బోరుకు రావడమంటే సిలిండర్లు అరిగిపోవడమట, మళ్లీ సాపు చేయించాలట. ఏ బోరైనా ఖర్చు మనదే కదా. ఇంతకీ ఆయన ఈ మాట బానెట్ ఎత్తకముందే అన్నాడు.

మాది మారుతి 800. 2005 నవంబరులో కొన్నాం, ఏపీ 27 నంబరు. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించింది మొదలు 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, నాలాంటి బడిపంతుళ్లకు కారంటే ఇదే. 796 సీసీలు, మూడు సిలిండర్లు. మా ఇంట్లో మాత్రం దీన్ని ఆరుగురు ఎక్కే బండిగానే లెక్కవేస్తారు.

మొన్న వేసవిలో నంద్యాల పెళ్లికి బయల్దేరాం. గిద్దలూరు దాకా బుద్ధిగానే వచ్చింది. దిగువమెట్ట దాటి నల్లమల ఎక్కుతుంటే దాంతోపాటు టెంపరేచర్ ముల్లూ ఎక్కింది. రెండు మలుపులు తిరిగేసరికి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు బానెట్ సందుల్లోంచి ఆవిరి. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతుంటే వెనకాల ఆగిన లారీ డ్రైవరు అరిచాడు: "ఆగు పెద్దాయనా! ఇప్పుడు తీస్తే మొహం ఉడికిపోద్ది!" చల్లారేదాకా గంటసేపు రోడ్డు పక్కనే కూర్చున్నాం. పెళ్లివారికని తీసుకెళ్తున్న అరటిపళ్లు ఆ గంటలో కోతులు తిన్నాయి. మేం వెళ్లేసరికి పెళ్లిభోజనాలూ అయిపోయాయి.

ఆ తర్వాత వైద్యం మొదలైంది, బోరన్నాయనతోనే. ఒకాయన థర్మోస్టాట్ పీకి పారేసి, "ఇది లేకపోతేనే ఇంజన్ చల్లగా ఉంటది" అన్నాడు. ఇంకొకాయన స్విచ్చి పనిచేయడం లేదని ఫ్యాను "డైరెక్ట్" చేశాడు. అప్పట్నుంచి తాళం తిప్పితే చాలు, వానాకాలం తెల్లవారుజామున కూడా అది గిర్రున తిరిగేది. మా బావ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎటు నుంచి చూసినా అమ్మేయాల్సిందే బావా" అని తేల్చాడు. ఆయన డ్రైవింగు నేర్చుకుంది ఈ కారు మీదే. ఎడమవైపు డోరుకున్న సొట్ట ఆయన గురుదక్షిణే.

చివరికి మార్కాపురంలో ఒక కుర్రాడు దొరికాడు. ముందు డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి ఎండలో పెట్టి చూశాడు. "ఆయిలు పాలు కలిపిన టీలాగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు సార్. మీది బ్లాక్ కాఫీ. బతికారు." తర్వాత, ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి, రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టాడు. వేలు తెల్లగా బయటికొచ్చింది. రేడియేటర్ విప్పితే సన్నటి గొట్టాల మూతులన్నీ సున్నంతో పూడిపోయి ఉన్నాయి. అట్టలు అట్టలుగా రాలింది.

"ఇందులో ఏం నీళ్లు పోస్తున్నారు సార్?"

"మా ఇంటి బోరు నీళ్లే."

కుర్రాడు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇరవై ఏళ్లుగా నా చేతులారా పోశాను. ఉప్పునీళ్లు మరిగేకొద్దీ సున్నం గొట్టాలకు పట్టేస్తుంది, పట్టిన సున్నం వేడిని బయటికి పోనివ్వదు. ఫ్లోరైడు నీళ్లు తాగి మా పడమటి ప్రకాశం మనుషుల మోకాళ్లు బిగుసుకుంటాయని బళ్లో పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని నేనే. కారుకూ నోరుంటుందని తోచలేదు. దేశానికి పలకలు పంపిన ఊరు మార్కాపురం. బలపం మాత్రం నా రేడియేటర్లో దొరికింది.

ఉత్తమాటకు అనడం లేదు. రాలిన సున్నపు పెచ్చు ఒకటి జేబులో వేసుకొచ్చి మనవడి పలక మీద గీస్తే బ్రహ్మాండంగా పడింది. దాంతోనే లెక్క వేశాను. రేడియేటరు, థర్మోస్టాట్, ఫ్యాను స్విచ్చి, కూలెంటు అన్నీ కలిపి 6,800. అందులోనే పెట్రోలు పైపులు కూడా. ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరుకు అది పడదు. ఆపైన ఆర్‌సీ రెన్యువల్. 2020లో 600 కట్టి వచ్చాను. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఫీజు 10,000 చేశారు. మొత్తం 16,800.

అమ్మితే ఎంతొస్తుందో కనుక్కుందామని పాత ఇనుము కొనే అతన్ని పిలిచాను. కిలో పాతిక అన్నాడు. ఆరున్నర క్వింటాళ్ల బండి, 16,250. ఆ ఏడాది కందుల మద్దతు ధర క్వింటాలు 8,000 ఉంటే నా కారు క్వింటాలు 2,500 పలికింది. తుక్కు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కొత్త కారు పన్నులో రాయితీ ఉందని మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. ఆ కొత్త కారు ఎవరు కొంటారో మాత్రం చెప్పలేదు.

16,250 వచ్చేదాన్ని ఉంచుకోవడానికి 16,800 పెట్టాలా? పలక పట్టుకుని అరుగు మీద కూర్చుంటే మా ఆవిడ వచ్చి తొంగిచూసింది.

"ఇంతకీ మందెక్కువయిందా, రోగి ఎక్కువా?"

"మందే. 550 రూపాయలు."

"మీ మోకాలికి పోయిన నెల అంతకంటే ఎక్కువే అయింది. మిమ్మల్ని తూకానికి వేశామా?"

6,800 ఆ సాయంత్రమే కట్టాను, 10,000 నవంబరులో. ఇప్పుడు కారుకు కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ. బోరు నీళ్లు గేదెకు పోస్తున్నాం, అది ఇంతవరకూ ఏమీ అనలేదు.

డిసెంబరులో ఆ నంద్యాల పెళ్లికూతురి సీమంతానికి పిలుపొచ్చింది. ఇంటిల్లిపాదీ కారులోనే దర్జాగా బయల్దేరాం, మార్కాపురం రోడ్డు స్టేషన్ దాకా. అక్కడ నీడ చూసి దాన్ని నిలబెట్టి, నాలుగు డోర్లూ రెండేసిసార్లు లాగి చూసి, రైలెక్కాం. బండి నల్లమల ఎక్కుతుంటే కిటికీలోంచి కోతి ఒకటి కనబడింది. మా ఆవిడ అరటిపళ్ల సంచి ఒళ్లోకి లాక్కుంది.