నూటికెంత?

నేను ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. ముందే ఈ సంగతి చెప్పేస్తే మిగతాది చెప్పడానికి ఇంకా సిగ్గేస్తుంది. అయినా తప్పదు.

మా నాన్న ఏటా పత్తి పెట్టుబడికి ఎరువుల కొట్టాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవారు. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా వంకరటింకరగా సంతకం పెట్టేవారు. సెలవులకు వెళ్లినప్పుడల్లా అది ఏడాదికి 24 శాతమని, చక్రవడ్డీ అయితే ఇంతవుతుందని ఆయన ప్రాణం తీసేవాణ్ణి.

2021 చివర్లో హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాను. స్కాలర్‌షిప్ పడలేదు, గోవా ప్రయాణంలో నా వాటా మాత్రం కట్టాలి. ఒక యాప్ ఐదు వేలు ఇస్తానంది. ఖాతాలో పడింది 3,500. మిగతాది ప్రాసెసింగ్ ఫీజట. వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టాలి. ఊరి లెక్కలో నెలకు నూటికి నూట ఎనభై రూపాయల పైమాట! కాగితం కూడా అక్కర్లేని భాగహారం. చేయలేదు. స్టాంపు లేదు, సాక్షి లేడు, ఎవరి గుమ్మంలోనూ నిలబడలేదు. అందుకని అది అప్పులాగే అనిపించలేదు.

పైగా 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల వాళ్లను అరెస్టు చేసిన వార్తలు నేనూ చదివాను. పాపం, లెక్కలు రానివాళ్లు అనుకున్నాను.

మొదటిది తీర్చడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. కాంటాక్టులు చూడనివ్వమంటే చదవకుండా 'అలౌ' నొక్కిన పాపానికి, గడువు దాటిన మర్నాడే మెస్ నడిపే ఆవిడకు ఫోన్ వెళ్లింది. "వాళ్లకిచ్చాక నా బాకీ కూడా చూడు బాబూ" అందావిడ, సాంబారు వడ్డిస్తూ.

2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫీజులతో కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే చూపాలి, ఫోన్‌లో నంబర్ల జోలికి పోకూడదు. నాదైతే 2,200 శాతం దాటేది. చూపించినా నేను చూసేవాణ్ణా అంటే, అనుమానమే.

సంక్రాంతికి ఇంటికెళ్లి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన మొత్తం ఎంతని అడగలేదు. "ఏం వడ్డీకి తెచ్చావురా?" అన్నారు. నూట ఎనభై అనడానికి నోరు రాక, "ఐదు రూపాయలు నాన్నా" అన్నాను. ఐదు రూపాయల వడ్డీకి బుద్ధున్నవాడెవడైనా తెస్తాడా అని కనుమ దాటేదాకా తిట్టారు.