సగటు వాన, సగటు నర్సు

మా చిలమత్తూరులో వాన ఎప్పుడూ సగటులో పడుతుంది, చేలో పడదు. 2022లో మా మండలాన్ని అనంతపురం జిల్లా నుంచి తీసి శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపినా వానకు బుద్ధి రాలేదు. ఆసుపత్రి నర్సులదీ అదే దారి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. లెక్క బంగారం. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్క సిస్టరే పరిగెడుతుంటే, మిగతావాళ్లు సగటులో ఉన్నారని సర్దుకోవాలి.

గోడ మీద రోగి భద్రత పోస్టరు ఉంటుంది: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ. ఆరోది, సరిపడా మనుషులు, అచ్చులో ఎగిరిపోయింది. కాగితం చాల్లేదేమో! ఆ ఒక్క సిస్టరే సెలైను మార్చాలి, కాన్పు గదిలోకి ఉరకాలి, రిజిస్టరు నింపాలి, అదే సంగతి మళ్లీ యాపులో ఎక్కించాలి, సర్వర్ పడుకుంటే పొద్దున సంజాయిషీ రాసుకోవాలి. ఈ లోపల నాలుగో మంచం పెద్దాయన బీపీ ఎవరు చూశారని అడక్కండి. కేసు షీటులో వేళ తప్పకుండా చూసినట్టే ఉంటుంది. వార్డులో అందరికన్నా ఆరోగ్యంగా ఉండేది ఆ షీటే.

అమెరికాలో పరిశోధకురాలు లిండా ఎయికెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను చూసి 2002లో ఒక మాట చెప్పింది. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెల లోపల చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందట. ఆ నర్సుకు ఉద్యోగం మీద వెగటూ పెరుగుతోందట. కాలిఫోర్నియా వాళ్లు అమాయకులు, 1999లోనే చట్టం చేసి 2004 నుంచి ఒక్కో నర్సు మీద పడే రోగుల సంఖ్యకు హద్దు పెట్టారు. మనం పూలతో సరిపెట్టాం. కరోనా కాలంలో, 2020 మే 3న హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టరు పూలు చల్లింది. జూలైలో అక్కడి అవుట్‌సోర్సింగ్ నర్సులే జీతం పెంచమని డ్యూటీ వదిలి బయట కూర్చున్నారు. పూలు తీసుకుని కిరాణా ఇచ్చే కొట్టు వాళ్లకు దొరకలేదు కాబోలు.

సుప్రీంకోర్టు మాట మీద 2016లో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదంది. ఆ కాగితం ఏ నర్సింగ్ హోం కౌంటర్లోనైనా ఇచ్చి చూడండి, ఈ మందు మా దగ్గర లేదంటారు.

కాబట్టి మండల ప్రజలకు మనవి. రాత్రి పన్నెండు దాటాక ఎవరికీ నొప్పులు రాకూడదు. 44వ జాతీయ రహదారి మీద, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర గుద్దుకోదలచినవాళ్లు మందగా రాకుండా టోకెన్లు తీసుకోవాలి. ఏ మందు పడదో నుదుటి మీద రాసుకురావాలి. మందు తారుమారైతే విచారణాధికారి "ఎవరు చేశారు?" అనే అడుగుతారు, ఆ నర్సు ఎన్ని గంటల నుంచి నిలబడి ఉందన్న ప్రశ్నకు ఆయన ఫారంలో గడి లేదు. ఇక నర్సమ్మ ఎక్కడైనా కూర్చుని కనబడితే వెంటనే వీడియో తీసి గ్రూపులో పెట్టండి. పదకొండో గంటలో కూర్చుందన్న సంగతి వీడియోలో పడదు. సస్పెండు చేస్తారు. ఆ తర్వాత మీ వార్డులో కూర్చునే నర్సు ఉండదు. నిలబడే నర్సూ ఉండదు.