మధ్యలో నిలబడ్డ ముల్లు

నేను ఆంపియర్ మీటరును. 1993 నాటి 350 సీసీ బుల్లెట్‌కి హెడ్‌లైట్ డూమ్ మీద ఉంటాను. నాలో ఉన్నదల్లా ఒక ముల్లు. అది ఎడమకి వాలితే బ్యాటరీలోంచి కరెంటు పోతున్నట్టు, కుడికి వాలితే బ్యాటరీలోకి వస్తున్నట్టు. మధ్యలో నిలబడితే రాకా లేదు, పోకా లేదు. ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన భాష ఇంతే. ఆ మధ్యలో నిలబడడం వల్లే ఒక వేసవి అంతా మా ఇంట్లో బండి సరిగ్గా కదలలేదు.

మా బండి పుట్టింది మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరులో. దాని పూర్వీకులది ఇంగ్లండులోని రెడిచ్. సూదులకు పేరుపడ్డ ఊరు. 1851లో జార్జ్ టౌన్సెండ్ అక్కడ పెట్టిన సూదుల కార్ఖానాయే తర్వాత సైకిళ్లు చేసి, 1901 నాటికి మోటారు సైకిలు చేసింది. 1950ల మధ్యలో ఆ బళ్ల తయారీ మద్రాసుకి వచ్చింది. సూదితో మొదలైన వంశంలో ముల్లుగా ఉన్నందుకు నాకు గర్వమే.

మా బండికి సెల్ఫ్ లేదు. కిక్కు ఒక్కటే దారి. 70 మిల్లీమీటర్ల పిస్టన్ 90 మిల్లీమీటర్లు పైకి వచ్చి గాలిని అదిమిపెట్టి కూర్చుంటుంది. వేళ కాని వేళ తంతే రాడ్డు వెనక్కి తన్ని పిక్క వాచిపోతుంది. అందుకే నన్ను చూడమంటారు. తాళం తిప్పి, కిక్కు రాడ్డుని మెల్లగా పాదంతో నొక్కాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్ 3, 4 ఆంపియర్లు లాగుతుంది, నేను ఎడమకి వాలతాను. రాడ్డు బిగుసుకున్నాక, అదిమిన గాలిని వదిలే డీకంప్రెసర్ పట్టుకుని ఇంకాస్త నొక్కితే పాయింట్లు విడిపోతాయి, నేను మధ్యకి వస్తాను. అంటే పిస్టన్ పైకెక్కి, అవతలికి దిగబోతోందన్న మాట. అప్పుడు డీకంప్రెసర్ వదిలి, రాడ్డుని పైకి రానిచ్చి, కాలు బరువంతా వేసి ఒక్క తన్ను. అంతే.

తాతగారు ఆ పని చేస్తుంటే చూడాలి. పంచె ఎగ్గట్టి, నా మీదకి కాస్త వంగి, ఊపిరి బిగబట్టి ముల్లుని చూసేవారు. రెండో తన్ను అవసరం పడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నర్సాపురం కాలువ గట్టు మీద పొద్దున్నే ఆయన పొలానికి వెళుతుంటే ఎదురొచ్చే పాలవాళ్లు చప్పుడు విని పక్కకి తప్పుకునేవారు.

డెబ్బై దాటాక ఆయన కళ్లకి శుక్లాలు వచ్చాయి. నా ముల్లు మధ్యలో ఉన్నట్టు లీలగా కనపడేది కానీ, అది కదిలి వచ్చిందో, అక్కడే ఉండిపోయిందో తెలిసేది కాదు. సరిగ్గా అప్పుడే నా వెనక ఒక ఇత్తడి నట్టు వదులైంది.

ఆ వేసవిలో ఒక పొద్దున బండి సైడు స్టాండు మీద ఉంది, హ్యాండిలు ఎడమకి వాలి ఉంది. తాతగారు తాళం తిప్పి, వంగి చూశారు. నేను మధ్యలో ఉన్నాను. అంతా సిద్ధమే అనుకుని తన్నారు. చప్పుడు లేదు. పాతిక తన్నులకి చొక్కా తడిసిపోయి అరుగు మీద కూలబడ్డారు. నేను అబద్ధమాడలేదు, నాలోంచి నిజంగానే కరెంటు పోవడం లేదు. ఆయన మాత్రం ఆ మధ్య గీతని ముప్పై ఏళ్ల అలవాటుతో ఒక్క అర్థంలోనే చదివారు.

సందు చివర మెకానిక్ కుర్రాడు వచ్చాడు. బండెక్కి కూర్చుని, హ్యాండిలు తిన్నగా పెట్టి హారన్ కొట్టాడు. వీధంతా మోగింది. "కరెంటు బాగానే ఉందండి ఆయ్. కార్బురేటరే." విప్పి, కడిగి, బిగించాడు. బండి స్టార్టయింది. సాయంత్రం స్టాండు మీద మళ్లీ కాలేదు. మళ్లీ విప్పాడు. ఈసారి స్లైడులో నీడిల్ క్లిప్పుని పై గాడిలోకి మార్చాడు, ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి బిగించాడు. పైలట్ జెట్‌లో సన్న తీగ కూడా దూర్చాడు. ఇత్తడి జెట్‌కి ఆ పని చేయకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మళ్లీ పూడ్చలేం. కుర్రాడి మనసు మంచిదే. డబ్బు కూడా పెద్దగా తీసుకోలేదు. ఒక తప్పుని వెతుకుతూ మూడు తప్పులు చేర్చి వెళ్లాడు, నేను చూస్తూ ఉండిపోయాను.

సెలవులకి మనవరాలు వచ్చింది. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. మొదటిరోజు ఏమీ విప్పలేదు. తాతగారు తాళం తిప్పుతుంటే పక్కన నిలబడి నన్నే చూసింది.

"తాతయ్యా, ఈ ముల్లు కదలదా?"

"కదలకపోవడమేంటమ్మా, మధ్యకొస్తుంది కదా."

"రావాలంటే ముందు వెళ్లాలి కదా తాతయ్యా. ఇది ఎక్కడికీ వెళ్లట్లేదు."

ఆయన మాట్లాడలేదు. ఆ పిల్ల హ్యాండిలు అలాగే ఎడమకి ఉంచి హారన్ నొక్కింది. మూగ. కుడికి తిప్పి నొక్కింది. మోగింది. మళ్లీ ఎడమ. మూగ.

హెడ్‌లైట్ రింగు స్క్రూ విప్పి అద్దం బయటికి లాగేసరికి నా వీపు మీద మొదటిసారి ఎండ పడింది. పిచ్చుక గూడులా వైర్లు. ఆ పిల్ల మల్టీమీటరు నల్ల కొసని ఫ్రేముకి ఆనించి, ఎర్ర కొసని నా రెండో టెర్మినల్ బోల్టుకి తాకించింది: 12.4. ఆ బోల్టుకి తగిలించిన వైరు కొసకి తాకించింది: సున్నా. రెంటికీ నడుమ కంటికి ఆనని ఖాళీ. హ్యాండిలు ఎడమకి తిరిగినప్పుడల్లా గట్టిపడిన వైరు లాక్కుని, వదులు నట్టు కింద నుంచి కొస పైకి లేస్తోంది. బ్యాటరీ కనెక్షను తీసేసి, నట్టుని వేలితో తిప్పింది. తిరిగింది! పచ్చగా చిలుము పట్టి ఉంది.

నట్టు, బోల్టు ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త కొస వేసి, స్ప్రింగు వాషరుతో బిగించింది. వైరు మార్చి, హ్యాండిలు ఇటు చివరికీ అటు చివరికీ తిప్పినా లాగకుండా కాస్త వదులు ఉంచింది. పాయింట్లు కూడా చూసింది. గ్యాపు 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేసింది. ఇవన్నీ అయ్యాకే కార్బురేటర్ జోలికి వెళ్లింది. నిప్పు నికరంగా లేకుండా పెట్రోలుని దిద్దబోతే ఏ దిద్దుబాటు ఫలించిందో తెలియదు.

కార్బురేటర్‌లో నా కరెంటు పారదు. దాని సంగతి నాకు వణుకు వల్లే తెలుస్తుంది. బండి స్టార్టయింది కానీ బరువుగా, పొగగా నడిచింది. యాక్సిలరేటరు సగం తిప్పితే గొంతు పట్టినట్టు ఆగి, దగ్గి, అప్పుడు లాగింది. ఎయిర్ స్క్రూ మూసుకుని ఉండడంతో ఐడిలింగ్‌లో పెట్రోలు ఎక్కువ, క్లిప్పు పై గాడిలో ఉండడంతో నీడిల్ కిందికి దిగి నడుమ తిప్పులో పెట్రోలు తక్కువ. ఒకే కార్బురేటర్‌లో రెండు రోగాలు. ఆ పిల్ల క్లిప్పుని నడిమి గాడికి తెచ్చి, చెడిపోయిన పైలట్ జెట్ మార్చింది. కాలువ గట్టు మీద ఒక చుట్టు తిప్పి ఇంజను బాగా వేడెక్కాక, ఎయిర్ స్క్రూని మెత్తగా చివరిదాకా మూసి ఒకటిన్నర చుట్టు విప్పింది. అక్కడి నుంచి పావు పావు చుట్టు అటూ ఇటూ జరుపుతూ చెవి పెట్టి వింది. చప్పుడు బాగా పెరిగిన చోట ఆపి, ఐడిలింగ్ స్క్రూతో వేగం తగ్గించింది. మర్నాడు ప్లగ్గు విప్పితే కొసన మసి లేదు, తెలుపు లేదు. ఇటుకపొడి రంగు.

తాతగారి మోకాలు ఇప్పుడు కిక్కుకి సహకరించడం లేదు. నిన్న పొద్దున ఆయన బండి పక్కన నిలబడి డీకంప్రెసర్ పట్టుకున్నారు. మనవరాలు పాదంతో రాడ్డు నొక్కుతూ, నా మీదకి వంగింది.

"ఎడమకి వెళ్లింది తాతయ్యా."

"ఊఁ."

"అక్కడే ఉంది... ఆఁ, మధ్యకొచ్చింది."

ఆయన డీకంప్రెసర్ వదిలారు. "తన్నవే తల్లీ."